పరిశ్రమ ఒకటి, పని మరొకటి: తెలుగు రాష్ట్రాల ఉపాధి లెక్కలు చెప్పేవి, దాచేవి

2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలోని యాభై వేల మందికి పైగా ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. ముందురోజు రాత్రి డ్యూటీ దిగిన డ్రైవరు మర్నాడు అదే డిపోకు వచ్చి అదే బస్సు ఎక్కాడు. కండక్టరు చేతిలోని టిక్కెట్ల యంత్రం మారలేదు, గ్యారేజీలో మెకానిక్ పానా మారలేదు. మారినదల్లా జీతం ఇచ్చే యజమాని. అయితే ఆ ఏడాది రాష్ట్ర ఉపాధి పట్టికలో వీళ్లందరూ రవాణా రంగం నుంచి ప్రభుత్వ పాలనా రంగంలోకి మారిపోయారా అంటే, వర్గీకరణ నిబంధనల ప్రకారం మారరు. బస్సు నడపడం ఎవరి ఆధీనంలో ఉన్నా రవాణాయే. ఇంత చిన్న విషయాన్నే పట్టించుకోకుండా ‘ప్రభుత్వ రంగం’, ‘సేవా రంగం’, ‘పరిశ్రమ’ అనే మాటలను ఒకదాని చోట మరొకటి వాడేయడం వల్లనే, రాష్ట్రంలో ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారనే ప్రశ్నకు మనకు తరచూ తప్పుడు జవాబులు దొరుకుతున్నాయి.

ఉపాధిని లెక్కగట్టే సర్వేలు పనిచేసే మనిషి గురించి ప్రధానంగా మూడు సంగతులు రాసుకుంటాయి. అతడు పనిచేసే చోట తయారయ్యే సరుకు లేదా అందే సేవ ఏమిటన్నది మొదటిది; అది పరిశ్రమ. ఆ చోట అతడు స్వయంగా చేసే పని ఏమిటన్నది రెండోది, అది వృత్తి. సొంతంగా చేసుకుంటున్నాడా, నెల జీతానికా, రోజు కూలికా అన్నది మూడోది. అది ఉపాధి హోదా. పరిశ్రమలకు జాతీయ పారిశ్రామిక వర్గీకరణ 2008 ఉంది. అందులో వ్యవసాయం మొదలుకొని విదేశీ దౌత్య కార్యాలయాల వంటి సంస్థల వరకు 21 విభాగాలున్నాయి. వృత్తులకు జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 ఉంది. ఇది మేనేజర్లతో మొదలై నిపుణులు, సహాయ నిపుణులు, గుమాస్తాలు, సేవలు అందించేవారూ అమ్మకందార్లూ కలిసిన శ్రేణి, నైపుణ్యం గల వ్యవసాయదారులు, చేతిపనివారు, యంత్రాలు నడిపేవారు అంటూ సాగి, చివర ప్రాథమిక శ్రమ చేసేవారితో తొమ్మిది శ్రేణులుగా ముగుస్తుంది. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరు పరిశ్రమ రీత్యా ఆర్థిక సేవల్లో ఉంటాడు, వృత్తి రీత్యా నిపుణుల శ్రేణిలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ స్వయంగా నియమించుకున్న తోటమాలి పరిశ్రమ రీత్యా సమాచార సాంకేతిక రంగంలోకే వస్తాడు.

ఈ రెండు వర్గీకరణలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్న కాలంలో వీటిని విడివిడిగా చదవాల్సిన అవసరం అంతగా ఉండేది కాదు. మగ్గం నేసేవాడు వస్త్ర పరిశ్రమ, నాగలి పట్టినవాడు వ్యవసాయం, అంతే. ఇప్పుడు ఒకే కర్మాగారం గేటు లోపల కాంట్రాక్టరు మనుషులు, భద్రతా ఏజెన్సీ మనుషులు, క్యాంటీన్ గుత్తేదారు మనుషులు పక్కపక్కనే పనిచేస్తూ వేర్వేరు పరిశ్రమల పేరిట నమోదవుతున్నారు. పని మారకుండానే పరిశ్రమ మారుతోంది, పరిశ్రమ మారకుండానే పని మారుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల ఉపాధి చిత్రంలో చాలా భాగం ఈ సందులోనే ఉంది.

ముందుగా అందరికీ తెలిసిన పెద్ద అంకెలు చూద్దాం. తెలంగాణ స్థూల రాష్ట్ర అదనపు విలువలో, అంటే ఏడాదిలో రాష్ట్రంలో కొత్తగా పుట్టిన విలువ మొత్తంలో, సేవల వాటా దాదాపు మూడింట రెండు వంతులు, వ్యవసాయ అనుబంధ రంగాల వాటా సుమారు ఆరో వంతు. పనిచేసేవారిలో మాత్రం ఐదింట రెండు వంతులకు పైగా వ్యవసాయంలోనే ఉన్నారు, సేవల్లో ఉన్నది సుమారు మూడో వంతే. ఈ లెక్కన సేవల్లో ఒక్కో మనిషి పేరిట నమోదయ్యే విలువ వ్యవసాయంలోని మనిషికంటే దాదాపు ఐదు రెట్లు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంతరం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. అక్కడ చేపలు, రొయ్యల చెరువులు, పాడి, పండ్ల తోటల వల్ల వ్యవసాయ అనుబంధ రంగాలే రాష్ట్ర విలువలో మూడో వంతు వరకు ఇస్తున్నాయి. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలకు ‘వ్యవసాయ రంగం’ అనే మాట రెండు వేర్వేరు అర్థాలిస్తోందని దీన్నిబట్టి తెలుస్తుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుకు మేత వేసే మనిషీ, నల్లగొండ జిల్లాలో పత్తి ఏరే మహిళా ఒకే విభాగం కింద ఒకే గడిలో కూర్చుంటారు.

ఆ ఐదు రెట్ల అంకెను యథాతథంగా నమ్మకూడదు. జాతీయాదాయ లెక్కల్లో సేవల కింద స్థిరాస్తి, సొంత ఇళ్లు, వృత్తిపర సేవలను ఒకే పద్దులో వేస్తారు. సొంత ఇంట్లో ఉండేవారు తమకు తామే అద్దె చెల్లించుకుంటున్నట్టు ఊహించి ఆ మొత్తాన్ని రాష్ట్ర ఉత్పత్తికి కలుపుతారు. ఆ అద్దెను సృష్టించడానికి పనిచేసినవాళ్లు ఎవరూ ఉండరు. ఇళ్ల విలువలు ఎక్కువగా ఉన్న మహానగరం చుట్టూ తిరిగే ఆర్థిక వ్యవస్థలో ఈ పద్దు చిన్నది కాదు. అందువల్ల సేవల ఉత్పత్తిని సేవల్లోని మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె ఏ ఒక్క మనిషి సంపాదనకూ, సామర్థ్యానికీ కొలత కాదు. అయినా పత్రికల్లోనూ సభల్లోనూ ఈ భాగహారమే ఎక్కువగా వినిపిస్తుంది.

వ్యవసాయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వృత్తుల వైపు నుంచి చూసినప్పుడు ఎక్కువగా రూపు మారేది ఈ రంగమే. 2011 జనగణనలో దేశం మొత్తం మీద సాగుదారులు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. అంతకు పదేళ్ల క్రితం సాగుదారులు 12.73 కోట్లు, కూలీలు 10.68 కోట్లు. పొలం దున్నించేవాడికంటే పొలంలో కూలికి దిగేవాళ్లు ఎక్కువైన తొలి జనగణన అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేడా ఇంకా తీవ్రంగా ఉండేది: మొత్తం పనివారిలో కూలీలు 43 శాతం దాకా ఉంటే సాగుదారులు 17 శాతం లోపే. పరిశ్రమల పట్టిక వీళ్లిద్దరినీ వ్యవసాయం అని కలిపేస్తుంది. వృత్తుల పట్టిక మాత్రం సాగుదారును ఆరో శ్రేణిలోనూ, కూలీని తొమ్మిదో శ్రేణిలోనూ వేస్తుంది. రెండు శ్రేణులకు మధ్య ఉన్నది చదువుకో శిక్షణకో సంబంధించిన తేడా కాదని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం తెలియనివాళ్లు వరి పొలంలో ఒక్క పూట నిలబడలేరు. భూమి ఉన్నవాడి పనిని నైపుణ్యంగానూ, లేనివాడి పనిని ప్రాథమిక శ్రమగానూ చూసే వర్గీకరణ అది. అంతర్జాతీయ ప్రమాణాల నుంచి అలా వచ్చింది, అలాగే ఉండిపోయింది.

సాగుదారు ఎవరన్న ప్రశ్న కూడా తేలికైనది కాదు. జనగణన నిర్వచనం ప్రకారం భూమి సొంతదైనా, డబ్బుకో ధాన్యానికో వాటాకో కౌలుకు తీసుకున్నదైనా, సాగులోని నష్టభయం మోసేవాడు సాగుదారే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొలాలు చాలావరకు కౌలుదార్ల చేతుల్లో ఉన్నాయి కాబట్టి అక్కడ జనగణన లెక్కలోని రైతు పట్టాదారు పాసుపుస్తకంలోని రైతు కాడు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది, కౌలుదార్లకు అందలేదు. రెవెన్యూ రికార్డులో ఒక రైతు, జనగణనలో మరో రైతు, సర్వేలో ఇంకో రైతు. ఉద్యోగం కోసం హైదరాబాదులో స్థిరపడి సొంతూళ్లో భూమిని కౌలుకిచ్చిన మనిషి మొదటి లెక్కలో రైతు, మూడో లెక్కలో గుమాస్తానో ఇంజనీరో అవుతాడు. ‘రాష్ట్రంలో ఇంతమంది రైతులు’ అని ఎవరైనా అంకె చెప్పినప్పుడు అది ఏ రైతు అని అడగకుండా ఆ అంకెతో చేయగలిగింది ఏమీ లేదు.

యంత్రాలు వచ్చాక ఈ చిక్కు మరింత పెరిగింది. వరికోత యంత్రంతో ఊరూరా తిరిగి ఎకరానికో గంటకో ఇంత అని తీసుకునే డ్రైవరు పరిశ్రమ రీత్యా వ్యవసాయంలోనే ఉంటాడు. పంటలకు సంబంధించిన సహాయ సేవలు ఆ విభాగంలోవే. వృత్తి రీత్యా అతడు యంత్రాలు నడిపే ఎనిమిదో శ్రేణికి చెందుతాడు. ఆ యంత్రం వల్ల కోత పని పోయినవాళ్లు మాత్రం తొమ్మిదో శ్రేణిలో ఉన్న కూలీలు, వాళ్లలో ఎక్కువమంది మహిళలు. పరిశ్రమల పట్టికలో ఈ మార్పు ఒక్క గీత కూడా కదిలించదు, ఎందుకంటే వచ్చినవాడూ పోయినవాళ్లూ ఒకే విభాగంలోవాళ్లు. మగవాడికి కొత్త పని దొరికి ఆడవాళ్లకు పాత పని తగ్గిన ఈ సంగతి వృత్తులను, స్త్రీపురుషులను కలిపి చదివితేనే బయటపడుతుంది.

కేంద్ర ప్రభుత్వం ఉపాధిని కొలిచే ఆవర్తన శ్రామిక శక్తి సర్వేలోని జాతీయ స్థాయి అంకెలు ఇదే దిశను చూపిస్తున్నాయి. గ్రామాల్లో పనిచేసే పురుషుల్లో వ్యవసాయంలో ఉన్నవారి వాటా 2017-18లో 55 శాతం, 2023-24 నాటికి 49.4 శాతం. గ్రామీణ మహిళల్లో అదే వాటా 73.2 శాతం నుంచి 76.9 శాతానికి పెరిగింది. మగవాళ్లు మేస్త్రీ పనికో, ఆటోకో, పట్నానికో వెళ్లగా పొలం, గొడ్డూగోదా ఆడవాళ్ల మీద పడ్డాయన్నమాట. ఇవే ఏళ్లలో పదిహేనేళ్లు, ఆపైన వయసున్న మహిళల శ్రామిక భాగస్వామ్యం (పనిచేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి వాటా) దేశంలో 23.3 శాతం నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం స్వయం ఉపాధి కింద, అందులోనూ కుటుంబ వ్యవసాయంలో జీతం లేకుండా సాయపడేవారి కింద నమోదైంది. ఏడాదిలో కనీసం ముప్పై రోజులు ఏదో ఒక ఆర్థిక కార్యకలాపంలో పాల్గొంటే, అది ప్రధాన వ్యాపకం కాకపోయినా, అనుబంధ హోదాలో పనిచేసినట్టే లెక్క. అందుకని ఎన్నాళ్లుగానో చేస్తున్న పనిని సర్వే ఇప్పుడు మెరుగ్గా పట్టుకుంటోందా, లేక నిజంగానే కొత్తగా పనిలోకి వచ్చారా అన్న వాదం ఆర్థికవేత్తల్లో ఇంకా సాగుతోంది. రెండూ కొంత నిజమే అయి ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో మహిళల భాగస్వామ్యం ఏనాటి నుంచో దేశ సగటుకంటే ఎక్కువ. ఇక్కడి కూలి పనిలో ఆడవాళ్ల పాత్ర ఎప్పుడూ బహిరంగమే కాబట్టి లెక్కకు అందింది.

దేశంలో మొత్తం పనివారిలో వ్యవసాయం వాటా 2017-18లో 44.1 శాతం. 2018-19లో అది 42.5 శాతానికి తగ్గింది. కొవిడ్ ఏళ్లలో మళ్లీ పెరిగి 2020-21లో 46.5 శాతానికి చేరి, 2023-24లోనూ 46.1 శాతం దగ్గరే ఆగింది. అభివృద్ధి గురించిన పాఠ్యపుస్తకాలు చెప్పే క్రమం ఇందుకు భిన్నమైనది. 1954లో ఆర్థర్ లూయిస్ వివరించిన నమూనాలో పల్లెలోని మిగులు శ్రమ నెమ్మదిగా ఆధునిక పరిశ్రమలోకి ప్రవహిస్తుంది, వెనక్కి రాదు. ఇక్కడ మాత్రం పట్నంలో పని ఆగినప్పుడు మనుషులు నడిచైనా ఊరు చేరారు. భూమి వాళ్లకు ఉపాధి కంటే ముందు బీమా. అలా తిరిగి వచ్చిన మనిషికి పొలంలో నిజంగా పని ఉందా లేదా అన్నది పరిశ్రమల వాటా చెప్పదు. ఇంట్లో నలుగురు చేసే పనిని ఆరుగురు పంచుకున్నా ఆ ఆరుగురూ ఉపాధి పొందినవారే.

వ్యవసాయం వదిలినవాళ్లు వెళ్లిన చోటు ఎక్కువగా కర్మాగారం కాదు, కట్టడం. 2023-24లో దేశంలో తయారీ రంగం వాటా 11.4 శాతం, నిర్మాణానిది 12 శాతం, వర్తకం హోటళ్లది 12.2 శాతం. ఈ మూడు అంకెలు దాదాపు సమానంగా ఉండటమే ఒక పెద్ద వార్త. పాలమూరు కూలీలు ప్రాజెక్టుల కట్టల మీద మట్టి మోయడానికి దేశమంతా తిరగడం తరాల నాటి మాట. ఇప్పుడు హైదరాబాదు అంతస్తుల మీద ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల కూలీలు కనిపిస్తారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే మనుషుల్లో తాపీ మేస్త్రీ, సెంట్రింగ్ పనివాడు, రంగులు వేసేవాడు చేతిపనివారి ఏడో శ్రేణి. ఇసుక తట్ట ఎత్తేవాళ్లు తొమ్మిదో శ్రేణి. నిర్మాణ రంగంలో ఒక మనిషి మెరుగుపడటమంటే తొమ్మిది నుంచి ఏడుకు ఎక్కడం. ఎంతమంది ఎక్కారు, ఎంతకాలానికి ఎక్కారు, ఎవరు ఎక్కలేకపోయారు అన్నవే ఈ రంగానికి సంబంధించిన అసలు ప్రశ్నలు. ఆడవాళ్లు దశాబ్దాల పాటు తట్ట దగ్గరే ఆగిపోవడం, మగవాళ్లు ఐదారేళ్లలో తాపీ పట్టడం ఏ నిర్మాణ స్థలంలోనైనా కళ్లకు కనిపిస్తుంది.

ఇటుక బట్టీల సంగతి ఇంకో రకం. ఒడిశా నుంచి కుటుంబాలతో సహా వచ్చి ఆరేడు నెలలు బట్టీల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్లు చేసే పని వర్గీకరణ ప్రకారం తయారీ రంగం. మట్టి తొక్కి, అచ్చు పోసి, కాల్చి ఇటుక చేయడం తయారీయే కదా. ఆ రకంగా తయారీ వాటాలో వాళ్ల శ్రమా ఉంది. ‘తయారీ’ అన్న మాట వినగానే అసెంబ్లీ లైను, యూనిఫారం, భవిష్య నిధి గుర్తుకొచ్చేవారికి ఈ మాట ఎంత విస్తృతమైనదో ఒక్కసారి గుర్తు చేయడం మంచిది.

బీడీలు కూడా తయారీ రంగమే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ప్రాంతాల్లో తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని బీడీలు చుట్టి వెయ్యికి ఇంత అని తీసుకునే లక్షలాది మహిళలు పరిశ్రమ రీత్యా పొగాకు ఉత్పత్తుల తయారీలోకి, వృత్తి రీత్యా చేతిపనివారిలోకి వస్తారు. తేడా వచ్చేది హోదా దగ్గర. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి స్వయం ఉపాధి అనుకుంటే అది పొరపాటు. ఆకు ఎంత ఇవ్వాలో, ఎన్ని బీడీలు తిప్పి కొట్టాలో నిర్ణయించేది వాళ్లు కాదు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసేవాళ్లను సైతం ఉద్యోగులుగానే గుర్తించింది. సర్వేకు వచ్చిన మనిషి ప్రశ్న అడిగే తీరును బట్టి, జవాబు రాసుకునే తీరును బట్టి ఈ మహిళ స్వయం ఉపాధిలోకో కూలిలోకో వెళుతుంది. దేశంలో స్వయం ఉపాధి వాటా 2017-18లో 52.2 శాతం, 2023-24లో 58.4 శాతం అని చదివేటప్పుడు ఆ గడిలో కిరాణా కొట్టు యజమాని, డాక్టరు, కౌలు రైతు, అతడి భార్య, ఆటో డ్రైవరు అందరూ ఉన్నారన్న సంగతి మరువకూడదు.

పని, పరిశ్రమ విడిపోవడాన్ని సింగరేణి అంత స్పష్టంగా చూపించే చోటు తెలంగాణలో మరొకటి లేదు. 1990ల తొలినాళ్లలో ఆ సంస్థలో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు నలభై వేల మంది. ఉత్పత్తి మాత్రం అప్పటికంటే ఎంతో పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. భూగర్భ బాయిల్లో తట్టా చెమ్మస్‌లతో (పారలతో) బొగ్గు నింపే పని పోయి, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో తవ్వే షావెళ్లు, మోసే డంపర్లు వచ్చాయి. కొత్తగూడెం, మందమర్రి, బెల్లంపల్లి, రామగుండం వంటి పట్టణాలు ఈ ముప్పై ఏళ్లలో మారిన తీరుకు, వారసత్వ ఉద్యోగాలు, కారుణ్య నియామకాల చుట్టూ నడిచిన రాజకీయాలకు మూలం ఇక్కడ ఉంది. అయితే గనుల దగ్గర పనిచేసే మనుషులు నలభై వేలకు కుదించుకుపోయారనుకోవడం తొందరపాటు. బొగ్గు పొర మీదున్న మట్టిని తొలగించే పనిలో అత్యధిక భాగం ప్రైవేటు కాంట్రాక్టర్లది. పరిశ్రమల వర్గీకరణలో గని కోసం పైమట్టి తొలగించడం స్థలాన్ని సిద్ధం చేసే పనుల కింద, అంటే నిర్మాణ విభాగంలోకి వస్తుంది. ఓపెన్‌కాస్ట్ గని అంచున సింగరేణి డంపరు నడిపే డ్రైవరు గనుల రంగంలో, అతడి పక్కనే కాంట్రాక్టరు డంపరు నడిపే డ్రైవరు నిబంధనల మేరకు నిర్మాణ రంగంలో ఉంటారు. వృత్తి సంకేతం ఇద్దరిదీ ఒకటే. జీతం, సెలవులు, క్వార్టరు, ఆసుపత్రి మాత్రం ఒకటి కావు.

రాష్ట్రాల నమోదిత కర్మాగారాల్లోనూ ఇదే జరుగుతోంది, కాకపోతే అక్కడ లెక్క కొంత మేలు. కరెంటు వాడే చోట కనీసం పదిమంది, వాడని చోట కనీసం ఇరవైమంది పనిచేసే కర్మాగారాలను వార్షిక పరిశ్రమల సర్వే లెక్కిస్తూ వచ్చింది. కాంట్రాక్టు కార్మికులను విడిగా చూపిస్తుంది. దేశంలో కర్మాగారాల కార్మికుల్లో వాళ్ల వాటా ఐదింట రెండు వంతులకు చేరింది. హైదరాబాదు చుట్టూ మందులు తయారుచేసే బల్క్‌డ్రగ్, ఫార్ములేషన్ యూనిట్లలో రియాక్టర్ దగ్గర నిలబడే కెమిస్టు కంపెనీ ఉద్యోగి కాగా, డ్రమ్ములు దొర్లించే మనిషి కాంట్రాక్టరు మనిషి కావడం మామూలు. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఫోన్లు, అచ్యుతాపురంలో దుస్తులు తయారుచేసే కర్మాగారాల్లో వేలాది యువతులు పనిచేస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో మహిళలకు పొలం, బడి, ఆసుపత్రి కాకుండా పెద్ద సంఖ్యలో నెల జీతం దొరికిన కొద్ది చోట్లలో ఇవి ముఖ్యమైనవి. 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టిన పెనుకొండ కర్మాగారం పెట్టుబడి రీత్యా వీటికంటే చాలా పెద్ద వార్త. ఉద్యోగాల సంఖ్యను పెట్టుబడితో పోల్చి చూస్తే దుస్తుల కర్మాగారమే ముందుంటుంది.

సేవల్లో అందరి చూపూ సమాచార సాంకేతిక రంగం మీదే. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం ఈ రంగంలో ఉద్యోగాలు 2013-14లో 3.23 లక్షలు, 2022-23లో 9.05 లక్షలు. తొమ్మిదేళ్లలో దాదాపు మూడు రెట్లు కావడం అసాధారణమే. అయితే 2011లోనే తెలంగాణ ప్రాంతంలో పనిచేసేవారు కోటీ అరవై లక్షలకు పైగా ఉన్నారు. ఆ అంకె తర్వాత పెరిగి ఉంటుంది కాబట్టి, ఈ తొమ్మిది లక్షలు మొత్తం పనివారిలో నూటికి ఐదుగురికి అటూఇటుగానే ఉంటారు. ఎగుమతుల్లో, ఆఫీసు భవనాల్లో, ఇళ్ల ధరల్లో ఈ రంగం కనిపించినంతగా మనుషుల లెక్కలో కనిపించదు.

ఆ ఐదుగురి చుట్టూ ఉన్నవాళ్ల సంగతి ఆసక్తికరమైనది. గచ్చిబౌలి, మాదాపూర్ భవనాల్లో గేటు దగ్గరి గార్డు, నేల తుడిచే మహిళ, క్యాబ్ డ్రైవరు, క్యాంటీన్ వంటవాడు పాతికేళ్ల క్రితమైతే చాలా కంపెనీల్లో కంపెనీ మనుషులే అయ్యేవారు. ఇప్పుడు గార్డు భద్రతా సేవల్లో, తుడిచే మహిళ భవనాల నిర్వహణ సేవల్లో, డ్రైవరు రవాణాలో, వంటవాడు ఆహార సేవల్లో లెక్కకు వస్తారు. తయారీ కంపెనీల్లో ఇదే మార్పు జరిగినప్పుడు, ఒక్క మనిషి కూడా పని మార్చుకోకుండా తయారీ వాటా తగ్గి సేవల వాటా పెరుగుతుంది. దేశంలో సేవల ఉపాధి పెరిగిందన్న మాటలో ఇలాంటి కాగితం మీది వలస ఎంత ఉందో పరిశ్రమల పట్టికను ఎంతసేపు చూసినా తెలియదు. వృత్తుల పట్టికలో గార్డు ఎప్పుడూ గార్డే. అందుకే రెండు కాలాలను పోల్చేటప్పుడు వృత్తుల పట్టికనే ఎక్కువగా నమ్మాలి. ఈ వ్యాసం పట్టుబట్టి చెప్పదలచింది అదే.

ఆ పట్టికకూ లోపాలున్నాయి. మనిషి తన పనిని ఎంత గొప్పగా చెప్పుకుంటాడన్నది వృత్తి సంకేతాన్ని ప్రభావితం చేస్తుంది. వీధి మలుపున ఒంటరిగా కొట్టు నడిపే మనిషి ‘బిజినెస్’ అంటే మేనేజర్ల శ్రేణిలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ‘సూపర్‌వైజరు’ అన్న మాటకు ఒక్కో సంస్థలో ఒక్కో అర్థం. పరిశ్రమను సంస్థ బోర్డు చూసి రాయవచ్చు, వృత్తిని మాత్రం నాలుగు ప్రశ్నలు అదనంగా అడిగితే తప్ప సరిగా రాయలేరు.

నెల జీతం అన్న హోదాను భద్రతగా చదవడం మరో అలవాటు. 2017-18లో వ్యవసాయేతర రంగాల నెల జీతగాళ్లలో 71.1 శాతం మందికి రాతపూర్వక ఒప్పందమే లేదు. తర్వాతి ఏళ్లలో ఆ వాటా తగ్గినా సగానికి పైనే ఉంది. ప్రైవేటు బడిలో పదినెలల జీతానికి పనిచేసే టీచరు వృత్తి రీత్యా నిపుణురాలు, హోదా రీత్యా క్రమబద్ధ ఉద్యోగి. ఊళ్లో తాపీ మేస్త్రీ చేతిపనివాడు, హోదా రీత్యా రోజు కూలీ. నెలాఖరున ఎవరి చేతిలో ఎక్కువ ఉంటుందో ఈ రెండు గడులు చెప్పలేవు. మరోవైపు 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు లక్షకు పైగా యువతకు నిజమైన ప్రభుత్వోద్యోగం ఇచ్చాయి. పల్లెల్లో గుమాస్తా, సహాయ నిపుణుల శ్రేణులు ఒక్కసారిగా ఇంత పెరగడం అరుదు. అలాంటి పోస్టు కోసం ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల గదుల్లో ఉండేవాళ్లు మూడు పట్టికల్లోనూ లేరు. వాళ్లు నిరుద్యోగులుగానో, విద్యార్థులుగానో మరో చోట నమోదవుతారు.

ఇన్ని మెలికలున్న చిత్రాన్ని జిల్లా స్థాయికి దించితే సర్వే నమూనా సరిపోదు. ఆవర్తన శ్రామిక శక్తి సర్వే 2017 ఏప్రిల్‌లో మొదలైనప్పటి నుంచి రాష్ట్రానికి పనికొచ్చే అంచనాలే ఇచ్చింది. పరిశ్రమను వృత్తితో అడ్డంగా నిలువుగా కలిపి, దాన్ని స్త్రీపురుషులుగా విడదీసి, ఆపైన హోదాతో చూడబోతే ఒక్కో గడిలో చేతివేళ్ల మీద లెక్కపెట్టగల కుటుంబాలే మిగులుతాయి. 2025 జనవరి నుంచి మార్చిన నమూనా పద్ధతిలో జిల్లాను ప్రాథమిక భౌగోళిక యూనిట్‌గా తీసుకోవడం వల్ల కొంత మేలు జరగాలి. జగిత్యాలలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఏ పనుల్లో కుదురుకున్నారో, కోనసీమలో చెరువులు తవ్విన చోట పాత వరి కూలీలు ఎటు వెళ్లారో తెలియాలంటే జిల్లా అంకె కావాలి, అదీ వృత్తి వారీగా కావాలి.

దేశమంతటా ఇంటింటినీ లెక్కించేది జనగణన. చివరిసారి అది జరిగిన 2011లో రాష్ట్రం ఒక్కటే, తెలంగాణ ప్రాంతంలో ఉన్నవి పది జిల్లాలు, ఇప్పుడు ముప్పైమూడు. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రకటించిన కొత్త జనగణన పట్టికలు అచ్చయ్యేదాకా, పెద్దపల్లి జిల్లాలో డంపర్లు నడిపేవాళ్లు ఎంతమందో, వాళ్లలో గని ఉద్యోగులెందరో కాంట్రాక్టరు మనుషులెందరో అడిగేవారికి చూపించగల పూర్తి లెక్క, ఆ జిల్లా ఇంకా పుట్టని కాలం నాటిదే.